ఇస్త్రీ బల్ల మీద ఉంగరాల జుట్టు

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట వినిపించేది దువ్వెన పళ్లు విరిగే చప్పుడు.

ముందు గది ఇస్త్రీ దుకాణం. వెనక గది కాపురం. రెండింటికీ మధ్య తలుపు లేదు, ఒక పాత దుప్పటి వేలాడుతూ ఉంటుంది. దుప్పటికి ఇవతల తండ్రి చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ ఉంటాడు. అవతల కూతురు పొడి జుట్టులో సన్నపళ్ల దువ్వెన గుచ్చి, కళ్లనీళ్లు తిరిగేదాకా కిందికి గుంజుతూ ఉంటుంది.

"మళ్లీ విరిచావా?"

"విరగలేదు నాన్నా. పళ్లు రెండు ఊడాయంతే."

"ఊడతాయి మరి. ఆ పిచ్చుక గూడు తలకి ఎవడు పనిస్తాడు? నీకు పని దొరికేలోపు నా పళ్లూ ఊడతాయి."

కూతురు నవ్వేది. తండ్రి కూడా నవ్వేవాడు. దుప్పటికి చెరో పక్కన ఇద్దరూ నవ్వుకుని ఎవరి పనిలో వారు పడేవారు.

ఇందులో ఏముంది, ఏ ఇంట్లో అయినా ఉండేదేగా అంటారు చదివేవాళ్లు. అవును, ఏ ఇంట్లో అయినా ఉంది. అందుకే రాయవలసి వచ్చింది.

అతన్ని వీధంతా ఇస్త్రీ మేస్త్రి అంటుంది. ఆ పేరు ఊరికే రాలేదు. కళ్లు మూసుకుని రెండు వేళ్ల మధ్య గుడ్డ నలిపి అది నూలో, ఉన్నో, పట్టో, పైకి పట్టులా కనిపించే నకిలీయో చెప్పేస్తాడు. ఏ గుడ్డ ఎంత వేడి ఓర్చుకుంటుందో అతని మణికట్టుకు తెలుసు. అతని చేతిలో ఒక్క చొక్కా కాలలేదు. ఆ సంగతి అతను రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాడు.

అతని భార్య ప్రభుత్వ ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని చేసేది. ఆమెదీ ఉంగరాల జుట్టే. కూతురికి ఆమె పోలికే వచ్చింది. సెలవు రోజు వచ్చిందంటే తల్లీకూతుళ్లు పెరట్లో చేరేవారు. ముందురోజే గుప్పెడు అవిసె గింజలు చిన్న గిన్నెలో ఉడికించి, జిగురు తేలగానే వేడి చల్లారకముందే పల్చటి గుడ్డలో వడకట్టి ఉంచేది తల్లి. పొడి జుట్టు మీద దువ్వెన పెట్టనిచ్చేది కాదు. బాగా తడిపి, కొసల నుంచి మొదలుపెట్టి, వేళ్లతో చిక్కు విడదీసి, ఆ తర్వాతే పెద్దపళ్ల దువ్వెన అందుకునేది. తడి ఆరకముందే జిగురు పట్టించి, ఒక్కో పాయనూ అరచేతిలోకి తీసుకుని పైకి నొక్కి వదిలేది. తువ్వాలుతో రుద్దేది కాదు. మేస్త్రి పాత బనియనుతో ఒత్తి నీళ్లు పీల్చేది. ఆరేదాకా చెయ్యి పెడితే వేళ్ల మీద కొట్టేది.

"దీన్ని గుంజి లొంగదీయకూడదే. తడిపి, బతిమాలి అడగాలి. అప్పుడు చెప్పిన మాట వింటుంది" అనేది.

"మా ఆవిడ జుట్టుతో కూడా మాట్లాడుతుంది. నాతో మాట్లాడ్డానికే తీరిక లేదు" అని మేస్త్రి ఇస్త్రీకి వచ్చినవాళ్లతో అనేవాడు. వాళ్లు నవ్వేవారు. ఆరిన తర్వాత కూతురి తల నిండా ఉంగరాలు విడివిడిగా, మెరుస్తూ, ఎక్కడివక్కడ నిలబడేవి. తల్లి ఆ పిల్లను 'మా ఉంగరం' అని పిలిచేది.

ఒక జ్వరం వచ్చి ఆమె పోయింది. ఆమె పనిచేసిన ఆసుపత్రిలోనే పోయింది.

అవిసె గింజలు ఉడికించే గిన్నెలో మేస్త్రి బట్టలకు పెట్టే గంజి కాచడం మొదలుపెట్టాడు. పాత బనియను ముక్కను తడిపి, ఉన్ని బట్టల మీద పరిచి ఇస్త్రీ చేసే గుడ్డగా వాడుకున్నాడు. పెద్దపళ్ల దువ్వెన ఆమె సామానుతోపాటు ఎవరికో పోయింది. దుఃఖంలో అలా చేశాడని మీరు అనుకోవచ్చు. గిన్నె ఖాళీగా ఉంది కాబట్టి చేశాడు, అంతే.

కూతురు ఒకసారి గింజలు అడిగింది. "తలకి పెట్టే గింజలు తెస్తే పొట్టకి పెట్టే గింజలు ఎవరు తెస్తారు?" అన్నాడు. మళ్లీ అడగలేదు. అవి కందిపప్పు కంటే ఖరీదైనవేమీ కావు. ఆ సంగతి అతనికీ తెలుసు.

*

ఒక ఉదయం, వీధి చివర బడిలో చెప్పే టీచరమ్మ పొడుగు గౌను ఒకటి తెచ్చి బల్ల మీద పడేసింది. క్రేప్ గుడ్డతో కుట్టింది. గుడ్డ నిండా సన్నని నొక్కులు.

"మేస్త్రీ, దీనికి ముడతలన్నీ పోవాలి. ఎంత ఉతికినా ఇలాగే ఉంటోంది. ఒకసారి గట్టిగా రుద్దెయ్."

మేస్త్రి గౌను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"రుద్దనమ్మా. ఇది ముడత కాదు, నేత. నేసేటప్పుడే దారానికి మెలి వేసి నేశారు. ఆ మెలే దీని అందం. బలవంతాన సాపు చేస్తే సాపు అవుతుంది, కాకపోతే గుడ్డ చచ్చిపోతుంది. ఆవిరి తగిలించి వేలాడదీస్తాను, చాలు."

"అబ్బో, గుడ్డకి ప్రాణం ఉందంటావు!"

"నా దగ్గర ఉంటుందమ్మా. బయటికి తీసుకెళ్లాక నాది పూచీ కాదు."

టీచరమ్మ నవ్వుకుంటూ వెళ్లింది. దుప్పటి పక్కన గడప మీద కూర్చుని బొత్తాలు కుడుతున్న కూతురు సూది ఆపి తండ్రి వంక చూసింది. అతను మరో చొక్కా అందుకున్నాడు.

*

కళ్లద్దాల షాపులో కౌంటరు దగ్గర నిలబడే పని ఖాళీగా ఉందని తెలిసి కూతురు వెళ్లింది. మేనేజరమ్మ మాట్లాడించింది. లెక్క అడిగింది, బోర్డు చదివించింది, నవ్వమంది. అన్నిటికీ తల ఊపింది.

"అన్నీ బాగున్నాయి. ఆ తల ఒక్కటి చక్కగా చేసుకుని సోమవారం రా. కస్టమరు అద్దంలో తన మొహం చూసుకోవాలి, పక్కన నీ తుప్ప కాదు."

ఇంటికి వచ్చేసరికి మేనత్త ఉంది. మేస్త్రికి అక్క. వారానికోసారి వచ్చి తమ్ముడి ఇంట్లో తప్పులు ఏరిపెట్టి వెళ్లడం ఆమె అలవాటు.

"నాన్నా, గుప్పెడు అవిసె గింజలు తెచ్చిపెట్టు. అమ్మ చేసినట్టు చేసుకుంటే ఉంగరాలు నీటుగా నిలబడతాయి. సోమవారానికి టైముంది" అంది కూతురు.

"గింజలు ఉడకేసి నెత్తిన పోసుకుంటే ఉద్యోగం ఇస్తారటే?" అంది మేనత్త.

"అమ్మ అంత పెద్ద ఆసుపత్రిలో పనిచేసింది కదత్తా. ఎవరైనా ఏమన్నారా?"

"మీ అమ్మ ఊడ్చే పని చేసింది. ఊడ్చేదాని నెత్తి ఎవరు చూస్తారే?"

పిల్ల తండ్రి వైపు చూసింది. చచ్చిపోయిన భార్య గురించి తన బల్ల ముందు నిలబడి ఆ మాట అన్నారు. అతను ఇస్త్రీ పెట్టె ఆపలేదు.

మేనత్త గడప దాటుతూ సరదాకి అంది. "ఒరేయ్ తమ్ముడూ, ఊరందరి గుడ్డల ముడతలూ తీస్తావు. నీ కూతురి నెత్తిన ముడతలు తీయలేవట్రా?"

ఆమె అన్నది నవ్వులాటకే. మేస్త్రి మాత్రం పెట్టె పక్కన పెట్టి, కూతురి తలను ఒక గుడ్డను చూసినట్టు చూశాడు.

ఆదివారం పొద్దున బల్ల మీద తెల్ల దుప్పటి మార్చాడు. కూతుర్ని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, చెంప బల్లకు ఆనించమన్నాడు. జుట్టు బల్ల మీద పరిచాడు. పైన తడిగుడ్డ కప్పాడు. అది ఆ బనియను ముక్కే. పెట్టె మీద వేడి తిప్పే బిళ్లను 'ఉన్ని' అన్న గుర్తు దగ్గర ఆపాడు. వెంట్రుక కూడా ఒక రకం ఉన్నే కదా అనుకున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"వేడిగా ఉంది నాన్నా."

"కదలకు."

"చెవి దగ్గర చురుక్కుమంటోంది."

"చెవిని నువ్వు పట్టుకో. జుట్టును నేను పట్టుకుంటా."

ఆవిరి లేచింది. ఆవిరితోపాటు ఒక వాసన వచ్చింది. ఉన్ని కాలే ముందు వచ్చే వాసన అది. ఎవరి కోటు మీదైనా ఆ వాసన తగిలితే అతని చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. ఇన్నేళ్లుగా ఒక్క గుడ్డా కాలకపోవడానికి కారణం ఆ వాసన పట్టే ముక్కే. ఆ రోజు చెయ్యి లేవలేదు.

పని అయ్యాక కూతురు నిలబడింది. జుట్టు నిటారుగా నడుం దాకా జారింది. సన్నపళ్ల దువ్వెన పైనుంచి కిందికి నీళ్లలో దిగినట్టు దిగింది. మేస్త్రి ఆశ్చర్యపోయి, చెయ్యి చాచి, కూతురి తల పైనుంచి కింద దాకా నిమిరాడు.

"ఇప్పుడు నా కూతురిలా ఉన్నావు" అన్నాడు.

తల్లి పోయాక ఆ తల మీద ఒక చెయ్యి పడడం అదే మొదలు. పిల్ల కళ్లు మూసుకుని కదలకుండా నిలబడింది. చెవి పక్కన కాలిన చోటు మండుతున్నా చెప్పలేదు.

*

ఉద్యోగం వచ్చింది. మేనత్త వచ్చి మెచ్చుకుంది. వీధిలో 'తుప్ప' అని పిలిచిన నోళ్లే "మేస్త్రి కూతురేనా?" అన్నాయి. మేస్త్రి ఛాతీ ఉప్పొంగింది.

అయితే ఉంగరాల జుట్టు మొండిది. చెమట పట్టినా, చినుకు తగిలినా, తల కడిగినా తిరిగి మెలి తిరుగుతుంది. మెలి తిరిగినప్పుడల్లా ఆ పిల్ల పొద్దున్నే వచ్చి, చెప్పకముందే చెంప బల్లకు ఆనించేది. పని అయ్యాక తండ్రి ఒకసారి నిమిరేవాడు. అందుకోసం ఒక్క క్షణం ఆగి, అప్పుడు బయల్దేరేది.

కొన్నాళ్లకు బల్ల మీద వెంట్రుక ముక్కలు కనిపించసాగాయి. పొట్టివి, కొసలు చీలినవి, గడ్డి పరకల్లాంటివి. మేస్త్రి చీపురుతో తోసేసేవాడు. ఒకరోజు బ్యాంకు గుమాస్తా ఇస్త్రీ అయిన తన తెల్లచొక్కా మడత విప్పి చూపించాడు.

"ఏం మేస్త్రీ, బొత్తాం కుట్టమంటే జుట్టు కుట్టావేంటి?"

"దులిపితే పోతుంది సార్" అని మేస్త్రి నవ్వి దులిపాడు.

ఆ తర్వాత ఒక ఉదయం తడిగుడ్డ ఎత్తితే, గుడ్డతోపాటు ఒక పాయ మొత్తం లేచి వచ్చింది. అది అతని చేతిలో ఉంది. కూతురి చెంప ఇంకా బల్ల మీదే ఉంది.

"అయిపోయిందా నాన్నా?"



ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ పెద్దావిడ. పిల్ల తలను దీపం కింద తిప్పి తిప్పి చూసింది. చెవి పక్కన పాత కాలిన మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇది దేనితో కాలింది?"

మేస్త్రి చెప్పాడు. డాక్టరమ్మ దీపం ఆర్పి అతని వైపు తిరిగింది.

"ఈ అమ్మాయి వాళ్లమ్మ మా వార్డులో పనిచేసేది కదూ? ఆవిడ జుట్టు చూసి, ఏం పెడతావమ్మా అని నేనే ఆపి అడిగాను. అవిసె గింజల జిగురు, పాత బనియను అంది. వేలు పోసి కొన్న సీసాల కంటే అదే నయమని మా వాళ్లందరికీ చెప్పాను. మీకు చెప్పలేదా?"

"చెప్పింది" అన్నాడు మేస్త్రి.

"మందు ఇవ్వండి డాక్టరుగారూ" అన్నాడు మళ్లీ.

"మందు లేదు. కాలిన వెంట్రుక బాగవదు, కత్తిరించేయాలి. మచ్చ పడిన చోట ఇక రాకపోవచ్చు. మిగతా తల మీద వచ్చేది ఉంగరాలుగానే వస్తుంది. దాన్ని దాని మానాన రానివ్వండి. వేడి వద్దు, మందులు వద్దు. వాళ్లమ్మ ఏం చేసేదో అదే చెయ్యండి."

జుట్టును మెడ దాకా కత్తిరించారు. కూతురు అద్దం అడగలేదు. షాపుకు స్కార్ఫ్ కట్టుకుని వెళ్లింది.

*

మేస్త్రి అవిసె గింజలు తెచ్చాడు.

మొదటిసారి గంజి కాచినట్టు కాచాడు. గింజలూ జిగురూ ముద్ద కట్టి గుడ్డలోంచి చుక్క దిగలేదు. తర్వాత నీళ్లు ఎక్కువ పోశాడు, ఉత్త కషాయం అయింది. ఒకసారి చల్లారేదాకా ఆగాడు, జిగురు గింజలనే పట్టుకుని కూర్చుంది. వేడి మీదే వడకట్టాలని అప్పుడు తెలిసింది. గిన్నెకు పట్టిన గంజి వాసన వదలక దాన్ని ఇసుక వేసి తోమాడు. కాగుతున్న నీళ్లలో నురగ తేలి, గరిటె ఎత్తితే కోడిగుడ్డు సొనలా తీగ సాగాలి, అక్కడ దించాలి. అది పట్టుబడేసరికి రోజులు పట్టింది. భార్య చేస్తుంటే పక్కన నిలబడిన పనే అది. చూడకుండా నిలబడ్డాడు.

పెద్దపళ్ల దువ్వెన కొన్నాడు. తన కొత్త బనియను కత్తిరించాడు. దర్జీ దగ్గర మిగిలిన నున్నటి లైనింగు ముక్కతో దిండుకు గలీబు కుట్టాడు. నూలు గలీబు రాపిడికి ఈ జుట్టు తెగుతుందని భార్య అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. కూతురి మెడ దగ్గర, స్కార్ఫ్ అంచు కింద, కొత్త జుట్టు చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ రావడం చూశాడు. ఆ జుట్టు తన భార్యది.

సెలవు రోజు బల్ల మీద బట్టలన్నీ తీసేసి గిన్నె, దువ్వెన, బనియను ముక్క సర్దిపెట్టాడు. పెట్టె తీగ పీకేశాడు. ముక్కాలిపీట తుడిచాడు. కూతురు పొద్దున్నే ఎక్కడికో వెళ్లింది. వస్తుందిలే అని కూర్చున్నాడు.

ఎండ ఎక్కాక వచ్చింది. స్కార్ఫ్ లేదు. మెడ దాకా ఉన్న జుట్టు కర్రల్లా నిటారుగా ఉంది. గది నిండా ఘాటైన మందు వాసన కమ్మింది.

"ఎక్కడికి వెళ్లావు?"

"పార్లరుకి. మందు పెట్టి సాపు చేశారు. కొన్ని నెలల దాకా చెక్కుచెదరదట. నీకు ఇస్త్రీ పని తప్పించాను నాన్నా." నవ్వింది. బల్ల వైపు చూసింది. "ఇదేంటి?"

"అవిసె గింజల జిగురు. మీ అమ్మ చేసినట్టే చేశాను. నువ్వు కూర్చుంటే..."

"ఇప్పుడు దేనికి?"

"డాక్టరమ్మ వద్దంది కదే!"

"మళ్లీ పాత వేషం మొదలవుతోందేమిటని మొన్న మేనేజరమ్మ అంది. డాక్టరమ్మ వచ్చి నా బదులు కౌంటర్లో నిలబడుతుందా?"

మేస్త్రి లేచాడు. 

"అది ముడత కాదు తల్లీ. నేత. నేత చెడగొడితే..."

"టీచరమ్మ గౌనుకి చెప్పావుగా ఈ మాట." కూతురి గొంతులో కోపం లేదు. ఎప్పుడో ఆరిపోయిన విషయం చెబుతున్నట్టు చెప్పింది. "ఆ రోజు నేను గడప మీదే ఉన్నాను. నాక్కూడా చెబుతావేమోనని చూశాను. నువ్వు ఇంకో చొక్కా తీసుకున్నావు."



అప్పుడు ఆ పిల్ల దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ తల కొంచెం వంచి తండ్రి ముందు నిలబడింది.

"బాగుందా? నిమిరి చూడు. నువ్వు చేసేదాని కంటే నున్నగా ఉంది."

అతని చెయ్యి లేవలేదు. లేవవలసిన రోజున లేవని చెయ్యి అది. పిల్ల ఒక్క క్షణం ఎదురుచూసింది. ఇంకా నునుపు చాలలేదేమో అనుకుంది. కొసలు వేళ్లతో కిందికి లాక్కుంటూ దుప్పటి తొలగించి లోపలికి వెళ్లిపోయింది.

గిన్నెలో జిగురు రెండు మూడు రోజుల్లో పులిసి నీరుగారింది. మేస్త్రి దాన్ని పెరట్లో పారబోసి, గిన్నె కడిగి, మళ్లీ గంజికి పెట్టాడు. చెవి పక్కన మచ్చ మీద వెంట్రుక రాలేదు. పార్లరు మందు దిగినప్పుడల్లా ఆ పిల్ల మళ్లీ వెళ్లి పెట్టించుకు వస్తూనే ఉంది. ఇంట్లో దువ్వెన విరగడం లేదు. పొద్దున్నే ఎవరూ నవ్వడమూ లేదు.

మేనేజరమ్మను తిట్టుకుని, మేనత్తను తిట్టుకుని ఈ కథ పక్కన పెట్టేద్దామని చూస్తారు మీరు. కుదరదు. ఆ పిల్లను 'తుప్ప' అన్నవాళ్లు వీధిలో ఉన్నారు, 'గూడు' అన్నవాడు ఇంట్లో ఉన్నాడు. బయటివాళ్ల మాట తలుపు దగ్గర ఆగిపోయేది, లోపలివాడు దానికి వంత పాడకపోతే. తడి చేసుకుని, వేళ్లతో విడదీసి, గుప్పెడు గింజలతో నిలబెట్టుకోదగిన జుట్టు అది. పేదింటికి అందని వైద్యమేమీ కాదు. ఆ ఇంట్లో కరువైంది గింజలు కాదు, ఒక్క మాట.

పుట్టుకతో తెచ్చుకున్నది బాగుందని బిడ్డకు మొదట చెప్పవలసింది ఇంట్లోవాళ్లే. ఆ మాటను వేళకు చెప్పనివాడు తర్వాత ఎంత ప్రేమగా చెప్పినా, వినడానికి అక్కడ ఆ బిడ్డ ఉండదు.